గుయ్యిమన్న మైకు

మా పేటలో మా సొంత మైకు మొదటిసారి మోగింది 2004 ఏప్రిల్ 14 సాయంత్రం. మోగింది అనకూడదు, గుయ్యిమంది. వేపచెట్టు కింద నులకమంచం వేసి, దాని మీద దుప్పటి పరిచి, అంబేద్కర్ పటం పెట్టేం. చెట్టు కొమ్మకి హారను కట్టేం. మా సిన్నాన్న ఆంప్లిఫయరు స్విచ్చి వేసేడు. ఎర్ర లైటు వెలిగింది. వెలిగిన మరుక్షణం హారన్లోంచి గుయ్యిమని వొకటే రొద. చెవిలో తుమ్మెద దూరినట్టు. మైకు పట్టుకున్న పెద్దాయన "అన్నలారా" అన్నాడు. "అన్న" వినపడింది. "లారా" గుయ్యిలో కలిసిపోయింది.

సిన్నాన్న వైర్లు కదిపేడు. ప్లగ్గు తిప్పి పెట్టేడు. డబ్బా మీద వొకటి చరిచేడు. గుయ్యి తగ్గలేదు. రోడ్డు మీద సైకిళ్ళు ఆపుకుని చూస్తున్న వూళ్ళోవాళ్ళలో వొకడు అన్నాడు: "మాలోల్ల మైకు కదేటి, అలాగే ఏడుస్తాది." అందరూ నవ్వేరు. వాళ్ళ పక్కన నాతో తొమ్మిదో తరగతి చదివే కుర్రాళ్ళు ముగ్గురున్నారు. మర్నాడు బడిలో నన్ను చూడగానే ముగ్గురూ మూతులు ముందుకి పెట్టి గుయ్యిమన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేను. ఏడిస్తే ఇంకా అంటారని నవ్వేనో, నాకూ మా సిన్నాన్న మీద సిగ్గేసి నవ్వేనో, ఇరవయ్యేళ్ళు దాటినా తేల్చుకోలేకపోతున్నాను. ఈ వ్యాసం రాయడానికి కూర్చోడానికి కారణం ఆ నవ్వే.

మాది రాజాం వైపు వూరు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. జిల్లా మారింది గాని వూరూ పేటా ఎక్కడివక్కడే. మా తాత వూరికి కబురు చెప్పేవాడు. బుగత ఇంటి పంచాయితీకి గాని, చెరువు గండి పూడ్చడానికి మనిషికొకరు రావాలన్నా గాని, మా తాత డప్పు పట్టుకుని నాలుగు వీధులూ తిరిగి చెప్పాలి. కబురు ఎవరిదో, గొంతు మాది. వీధి మొదట్లో నిలబడే చెప్పాలి, అరుగెక్కకూడదు. చలికాలం డప్పు మెత్తబడితే గడ్డి మంట మీద కాచి బిగించేవాడు. తోలు బిగిసేక మునివేళ్ళతో కొట్టి చెవి వొగ్గి వినేవాడు. "ఇప్పుడు పలుకుతాది" అనేవాడు. మా ఇంట్లో సౌండు ఇంజనీరింగు అక్కడ మొదలయ్యింది.

తర్వాత మైకొచ్చింది. పంచాయితీ ఆఫీసుకి హారను కట్టేరు. మా తాత పని పోయింది. పనితో పాటు ఏడాదికిచ్చే నాలుగు కుంచాల గింజలూ పోయేయి. వెట్టి పోయిందని సంతోషించాలో, గింజలు పోయేయని ఏడవాలో తెలీని పోవడం అది.

మా సిన్నాన్న ఏడో తరగతితో ఆగిపోయి టౌన్లో వొక మైకు సెట్ల షాపులో పనికి చేరేడు. పెళ్ళిళ్ళకీ, అమ్మవారి పండగలకీ, మీటింగులకీ సెట్లు అద్దెకిచ్చే షాపు. కొబ్బరిచెట్టెక్కి హారన్లు కట్టడం, మైళ్ళ కొద్దీ వైరు లాగడం, బ్యాటరీలు మొయ్యడం సిన్నాన్న పని. ఆంప్లిఫయరు దగ్గర కూర్చోడం ఓనరు బావమరిది పని. ఆ డబ్బా అహూజా కంపెనీది. ముందు పేనెలు మీద నల్లటి నాబులు. ఆ నాబులు సిన్నాన్న తిప్పకూడదు. పెళ్ళి పందిట్లో ఆంప్లిఫయరు పక్కన భోజనాలుంటాయి కదా, అదొక వంక. అసలు సంగతి మీకూ తెలుసు. చెట్టెక్కేవాడు చెట్టు మీదే వుండాలి.

పొద్దున్నే ప్రతి పందిట్లోనూ మొదట ఘంటసాల పాడతాడు. ఆయన చదువుకున్నది విజయనగరం మహారాజా సంగీత కళాశాలలోనే. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. శృతి అంటే ఏమిటో దేశానికి చెప్పిన వూరు మాకు బస్సు దూరం. ఆ పాటలు వూళ్ళన్నిటికీ వినపడేలా చెట్లెక్కి హారన్లు కట్టిన చేతుల లెక్క మాత్రం ఏ చరిత్రలోనూ వుండదు.

సిన్నాన్న చూసి నేర్చుకున్నాడు. షాపులో కాలిపోయిన డబ్బాలు మూలన పడేస్తే రాత్రి పూట విప్పేవాడు. సర్క్యూటు బొమ్మ గీసేది. ఇంగ్లీషు రాదు కాబట్టి విడిభాగాల పేర్లు ఆకారాన్ని బట్టి పెట్టుకున్నాడు. 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టరు ఆయనకి "తాబేలు", నిజంగానే అలాగే వుంటుంది ఇనప డిప్పతో. రెసిస్టరు "సారల పురుగు". కండెన్సరు ఒక్కటీ కండెన్సరే, అది మెకానిక్కులందరి నోటా ఆడే మాట. నేను తర్వాత కాలేజీలో కెపాసిటరు అని నేర్చుకున్నాను.

2004లో జయంతికి షాపు వాడిని సెట్టు అడిగేం. ఆ నెలలోనే ఎలక్షన్లు. సెట్లన్నీ పార్టీలు పట్టుకుపోయేయన్నాడు. షాపు లోపల బల్ల మీద వొకటి కనిపిస్తూనే వుంది. సిన్నాన్న అది చూపించేడు. "అది రిపేరు" అన్నాడు. ఆ డబ్బా ముందు రోజే సిన్నాన్న బండెక్కించి, దించి, తుడిచి పెట్టింది. ఏమీ అనకుండా వచ్చేసి, ఆ రాత్రే మా అమ్మతో అన్నాడు: "వొదినా, మన మైకు మనవే కట్టుకుందుం."

పేటంతా చందా వేసింది. ఇంటికి ఇరవై. ఉపాధి హామీ ఇంకా రాని రోజులవి, ఇరవయ్యంటే వొక పూట కూలి. సిన్నాన్న విశాఖపట్నం వెళ్ళి రెండు సెకండ్‌హేండు హారన్లు, ఒక మైకు, తాబేళ్ళు నాలుగు, ట్రాన్స్‌ఫారం చుట్టించుకుని వచ్చేడు. ఆ ట్రాన్స్‌ఫారానికి రెండు చుట్లు: లావు తీగ చుట్టు తాబేళ్ళకి, సన్న తీగ 12 వోల్టుల చుట్టు మైకు బోర్డుకి. మైకులోంచి వచ్చేది చాలా చిన్న కరెంటు. ముందు దాన్ని చిన్న బోర్డు పెంచుతుంది, తర్వాత తాబేళ్ళు ఇంకా పెంచి హారనుకి ఇస్తాయి. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు ముందు పని వుంది. డబ్బా రేకు సిన్నాన్నే కొట్టేడు. కంసాలి కొలిమి దగ్గరికి రానివ్వలేదు, అది వేరే కథ.

డబ్బా పూర్తయ్యేక పగటి పూట టౌన్లో తెలిసిన టీవీ మెకానిక్కు దగ్గర పెట్టి చూసేడు. గంటలా పలికింది. సాయంత్రం పేటకి తెచ్చి పెడితే గుయ్యి.

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పాలి. నేను ఫిజికల్ సైన్సు మాస్టర్ని, చెప్పకపోతే వూరుకోలేను. స్తంభం నుంచి ఇంటికొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ వూగుతుంది. ఆంప్లిఫయరుకి ఆ వూగే కరెంటు పనికి రాదు, వొకే వైపు నిలకడగా పారాలి. నాలుగు డయోడ్లని బ్రిడ్జిలా కడితే వెనక్కి వూగేదాన్ని కూడా ముందుకి తిప్పుతాయి. అప్పుడు సెకనుకి 100 దిబ్బలొస్తాయి, దిబ్బకీ దిబ్బకీ మధ్య గొయ్యి. ఆ గోతులు పూడ్చేది కండెన్సరు.

మా పిల్లలకి నేను గోలెం లెక్క చెప్తాను. మా పేట కుళాయికి నీళ్ళు రోజుకి రెండు సార్లు, అరగంట చొప్పున వస్తాయి. ఇంట్లో వాడకం రోజంతా వుంటుంది. నీళ్ళొచ్చినప్పుడు గోలెం నింపుకుని, రానప్పుడు అందులోంచి ముంచుకుంటాం. గోలెం పెద్దదయితే మట్టం పెద్దగా దిగదు. చెంబయితే నాలుగు దోసిళ్ళకి అడుగంటుతుంది. కండెన్సరు కరెంటుకి గోలెం. దాని కుళాయి సెకనుకి 100 సార్లు తెరుచుకుంటుంది. మోటు లెక్క వొకటుంది: లాగే ఆంపియర్లని 100తోనూ, కండెన్సరు ఫారడ్లతోనూ భాగిస్తే మట్టం ఎన్ని వోల్టులు దిగుతుందో వస్తుంది. వొక ఆంపియరు లాగితే, 1000 మైక్రోఫారడ్ల కండెన్సరు మట్టం 10 వోల్టులు దిగుతుంది. 4700 పెడితే రెండు వోల్టులు. 10000 పెడితే వొక వోల్టు. ఆ ఎక్కి దిగడమే హారన్లోంచి సెకనుకి 100 సార్లు కొట్టుకుని గుయ్యిమని వినిపిస్తుంది. ఇంగ్లీషులో రిపుల్ అంటారు, దాని చప్పుడిని హమ్ అంటారు. మా వూళ్ళో ఏడుపన్నారు.

సిన్నాన్నకి లెక్క తెలీదు గాని సంగతి తెలుసు. గుయ్యిమంటే కండెన్సరు పోయిందని మెకానిక్కులు అనగా విన్నాడు. కండెన్సరు ఎండిపోతుంది, లోపలి తడి ఆరిపోయి పట్టు తగ్గుతుంది, నెత్తి ఉబ్బుతుంది. ఆయనది కొత్తదే అయినా మార్చేడు. 2200 తీసి 4700 వేసేడు. గుయ్యి. ఇంకో 4700 పక్కన కట్టేడు. గుయ్యి. మైకు వైరు మీద జాలీ సరిగ్గా ఎర్తు అవలేదేమోనని వైరు మార్చేడు. గుయ్యి. వొక్కటి గమనించేడు: మైకు వాల్యూము పూర్తిగా తగ్గిస్తే గుయ్యి పోతుంది, పెంచితే పెరుగుతుంది. ఆ వొక్క మాటలో జబాబంతా వుంది. అడ్డం పెట్టి చదివే పుస్తకం ఆయన దగ్గర లేదు. చదవడానికి పుస్తకాలున్న నేను ఆయన పక్కన లేను. నేను బడిలో గుయ్యిమన్నందుకు నవ్వుతున్నాను.

ఇంకో సంగతి. పగలు బాగానే పలికేది, దీపాలు పెట్టే వేళకి గుయ్యిమనేది. దీనికి మా వాళ్ళే చెప్పిన కారణం వినండి. ముసలమ్మలు "సందేల ఏదో గాలి తగులుతంది" అన్నారు. పేట పెద్ద వొకాయన, సభలో మొదటి వరసలో కూర్చునే మనిషి, "మనకి అచ్చిరాదురా, పెద్దోల్ల వస్తువు పెద్దోల్ల సేతిలోనే పలుకుతాది" అన్నాడు. వూరివాళ్ళన్న మాట వొంటి మీద పడింది. మనవాడన్న మాట లోపలికి దిగింది. సిన్నాన్న ఆ డబ్బాకి గోనె కప్పి అటక మీద పెట్టేసేడు. మైకు షాపు వాడు మళ్ళీ పనికి రానివ్వలేదు, సొంతంగా కట్టుకున్నవాడివి నీకెందుకన్నాడు. జూన్‌లో హైదరాబాదు వెళ్ళిపోయేడు, బిల్డింగు పనికి. మా వైపు నుంచి వలసెళ్ళే వేలమందిలో వొకడు. ఆయన పోయింది కూలికి మాత్రమే కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరం అనలేదు.

నేను టెన్తు పాసయ్యేను, ఇంటరు, తర్వాత గవర్నమెంటు కాలేజీలో డిగ్రీ. మా వంశంలో డిగ్రీ గుమ్మం తొక్కిన మొదటివాణ్ణి. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో వుండి చదివేను. గ్రూపులో ఎలక్ట్రానిక్స్ వుంది. సిన్నాన్న కోసం తీసుకున్నానని చెప్తే బాగుంటుంది, అబద్ధం. సీటు అందులోనే మిగిలింది.

మొదటేడు ల్యాబులో రెక్టిఫయరు, ఫిల్టరు ప్రయోగం చేసేం. హాఫ్ వేవుకి రిపుల్ ఫేక్టరు 1.21, ఫుల్ వేవుకి 0.48. బట్టీ పట్టేను. కెపాసిటరు ఫిల్టరు, పై సెక్షన్ ఫిల్టరు, బొమ్మలు గీసి రికార్డు రాసి సంతకం పెట్టించుకున్నాను. ఆసిలోస్కోపు తెర మీద దిబ్బలు కనిపించేయి, కెపాసిటరు పెట్టగానే చదునయ్యేయి. మా గోలెం, మా హారను, మా సిన్నాన్న ఏదీ గుర్తు రాలేదు. చదువు అలా చెప్తారు మనకి. పుస్తకంలో కెపాసిటరు వేరు, అటక మీద కండెన్సరు వేరు. ఆ ల్యాబులో వొక మాస్టారు ఆసిలోస్కోపు నాబు నన్ను తిప్పనిచ్చేవాడు కాదు. "నువ్వు రీడింగులు రాయి" అనేవాడు. పాడవుతుందని వంక. నేను వంకలు గుర్తుపట్టే వయసుకొచ్చేను. చెట్టెక్కిన సిన్నాన్న ఆ రోజు గుర్తొచ్చేడు. నాబు వల్ల గుర్తొచ్చేడు, పాఠం వల్ల కాదు.

రెండో ఏడు రెగ్యులేటరు ప్రయోగం. రెగ్యులేటరు అంటే గోలేనికి వొక ఎత్తులో పెట్టిన తూము లాంటిది. లోపల మట్టం తూము కన్నా పైనున్నంత సేపూ, పైన ఎంత ఎగిరి దూకినా బయటికి వొకే తీరున వస్తుంది. 7812 అని మూడు కాళ్ళ ఐసీ, బయటికి 12 వోల్టులు ఇస్తుంది. దానికి లోపలికి కనీసం 14, 14న్నర అందాలి. ప్రయోగంలో లోపలి వోల్టేజిని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ బయటిది రాసుకోవాలి. పదిహేను దగ్గర 12, పద్నాలుగున్నర దగ్గర 12. పదమూడు దగ్గర పడిపోయింది. నేను పదకొండు అంకె రాస్తూ ఆగిపోయేను. మా సిన్నాన్న డబ్బాలో మైకు బోర్డు పక్కన మూడు కాళ్ళ నల్ల బిళ్ళ వుంది. దాని మీద అంకెలు నేను చిన్నప్పుడు చదివి వినిపించేను ఆయనకి. ఏడు, ఎనిమిది, వొకటి, రెండు.

ఆ ఆదివారమే మల్టీమీటరు అడిగి పట్టుకుని వూరెళ్ళేను. పగలు రెండింటికి మా ఇంట్లో ప్లగ్గులో 221. సాయంత్రం ఏడుకి, పేటలో లైట్లు, టీవీలు, ఫ్యాన్లు అన్నీ వేసేక, 178. మళ్ళీ పెట్టి చూసేను. 178. ట్రాన్స్‌ఫారం రైసుమిల్లు పక్కన, బుగతల వీధి మొదట్లో వుంది. అక్కడి నుంచి మా పేటకి పదమూడు స్తంభాలు, సన్న తీగలు రెండు, అదీ వూరు వాడుకోగా మిగిలింది. రైసుమిల్లు దగ్గర టీకొట్టులో మీటరు పెట్టి చూసేను. 226. దారి పొడుగునా తీగ మింగిన వోల్టులు నలభయ్యెనిమిది.

లెక్క కాగితం మీద వేసేను. 12 వోల్టుల చుట్టు అంటే దాని శిఖరం 17. రెండు డయోడ్లు 1.4 తింటాయి. పదిహేనున్నర మిగుల్తుంది, 7812కి చాలు. అదే ప్లగ్గులో 178 వుంటే చుట్టు ఇచ్చేది 12 కాదు, తొమ్మిది చిల్లర. శిఖరం 13, డయోడ్లు పోగా పదకొండు ముప్పావు. తూము కన్నా గోలెం మట్టమే కిందికుంది. ఇంక పైనున్న అలలన్నీ తూములోంచి బయటికే. అవి మైకు బోర్డులో దూరి, బోర్డు వాటిని పెంచి, తాబేళ్ళు ఇంకా పెంచి, హారను వూరికంతా వినిపించింది. అందుకే మైకు వాల్యూము తగ్గిస్తే పోయేది. అందుకే ఎంత పెద్ద కండెన్సరు పెట్టినా పోలేదు. గోలెం ఎంత పెద్దదయినా కుళాయి ఎత్తుని మించి నిండదు కదా.

సిన్నాన్న పనితనంలో దోషం లేదు. సోల్డరింగు అద్దంలా వుంది. టౌన్లో టీవీ మెకానిక్కు కొట్టు దగ్గర వోల్టేజి వుంది, మా వేపచెట్టు కింద లేదు. అంతే.

హైదరాబాదులో ఆయన వుండే చోటికి కాయిన్ బాక్సులోంచి ఫోను చేసేను. చెప్పేను. చాలా సేపు మాట్లాడలేదు. నాణేలు అయిపోతున్నాయి. "అయితే నాను తప్పు కట్నేదేటి?" అన్నాడు. "లేదు సిన్నాన్నా." "పక్కాయేనా?" "మీటరు పెట్టి చూసేను." "ఎంత?" "నూట డెబ్బయ్యెనిమిది." అవతల ఎవరితోనో అన్నాడు, నాతో కాదు: "నూట డెబ్బయ్యెనిమిదంట్రా." లైను తెగిపోయింది.

2009 ఏప్రిల్‌లో వచ్చేడు. మళ్ళీ ఎలక్షన్ల నెలే. అటక మీంచి డబ్బా దించేడు. గోనె తీసేడు. నేను 7809 కొనుక్కుని వెళ్ళేను, పది రూపాయలు. మైకు బోర్డు 9 వోల్టులతో కూడా పని చేస్తుంది, తూముని కిందికి దించడమన్న మాట. పదకొండున్నర అందితే దానికి చాలు. పాత బిళ్ళ పీకి కొత్తది ఆయనే అతికేడు. నేను అతుకుతానంటే చెయ్యి తోసేసేడు. "నువ్వు రీడింగులు సెప్పు" అన్నాడు. కాలేజీలో మాస్టారి మాటే, ఈసారి వొళ్ళు మండలేదు.

అయిదేళ్ళు పక్కన పడున్న కండెన్సర్లని వొక్కసారిగా ఫుల్లు కరెంటుకి పెట్టకూడదు. మెయిన్ లైన్లో వంద క్యాండిల్ బల్బు వరసగా కట్టి మెల్లగా ఎక్కించేడు. ఇది నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఆపేసేక కూడా పది నిమిషాలు లోపల చెయ్యి పెట్టొద్దన్నాడు, గోలెంలో నీళ్ళుంటాయి, కొడతాయి.

14వ తారీకు సాయంత్రం ఏడున్నరకి స్విచ్చి వేసేడు. ఎర్ర లైటు వెలిగింది. చప్పుడు లేదు. వాల్యూము సగానికి పెంచేడు. చప్పుడు లేదు. జనం వొకళ్ళ మొహాలు వొకళ్ళు చూసుకున్నారు. "ఆన్ అవనేదేటి?" అంది మా పెద్దమ్మ. అప్పుడు సిన్నాన్న మైకు మీద వేలితో మెల్లగా కొట్టేడు, మా తాత డప్పు మీద కొట్టి చూసుకున్నట్టు. హారన్లోంచి ఠప్పుమని వూరవతల చెరువుగట్టు దాకా వెళ్ళి, తిరిగొచ్చింది. ఆ నిశ్శబ్దాన్ని నేను ఎన్ని సంగీతాలతోనూ మార్చుకోను.

మొదట మాట్లాడాల్సింది పేట పెద్ద. ఆయన మైకు కోసం చెయ్యి చాపేడు. సిన్నాన్న ఇవ్వలేదు. మా పెద్దమ్మకిచ్చేడు. ఆవిడకి ఏం మాట్లాడాలో తెలీక, కుళాయి నీళ్ళు రెండు రోజుల్నుంచి రావట్లేదని చెప్పింది. పంచాయితీ ప్రెసిడెంటు ఇంటికి వినపడింది. మర్నాడు నీళ్ళొచ్చేయి. అది అంబేద్కర్ జయంతి ప్రసంగం కాదని కొందరు చదువుకున్న కుర్రాళ్ళు గొణిగేరు. నాకు మాత్రం ఆ రోజు జరిగిన ప్రసంగాల్లో అదే గుర్తుంది.

డబ్బా బాగుపడింది గాని కరెంటు బాగుపడలేదు. ఇది దాచకూడదు. తక్కువ వోల్టేజికి మా మైకుని సర్దేం, వోల్టేజిని సరి చెయ్యలేదు. సర్దుకోవడం మాకు తరాల అలవాటు, టెక్నాలజీలో కూడా అదే చేసేం. అప్పుడు అమల్లో వున్న 1956 ఎలక్ట్రిసిటీ రూల్సు ప్రకారం ఇంటికిచ్చే వోల్టేజి 6 శాతం కన్నా అటూ ఇటూ అవకూడదు. 230లో 6 శాతం తీస్తే 216. మాది 178. ఈ అంకెలన్నీ వేసి అర్జీ రాసి పేటలో అందరిచేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించేను. ఆఫీసులో తీసుకున్నాయన కాగితం కన్నా నన్ను ఎక్కువ సేపు చూసేడు. "మీటరు నీదా?" అన్నాడు. కాదన్నాను. "మరి నమ్మడం ఎలాగ?" అన్నాడు. రసీదు ఇవ్వలేదు.

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో, మడ్డువలస రిజర్వాయరు భూముల తగువులో, అయిదుగురు దళితుల్ని చంపేరు. మాకు దూరం కాదు. కారంచేడు 1985, చుండూరు 1991 అని పుస్తకాల్లో చదివిన మాట మా మండలాల పేరుతో వినాల్సొచ్చింది. ఆ వారం మా పేటలో సభ పెట్టేం. వేపచెట్టు కిందే. టౌన్లో షాపులేవీ సెట్లు ఇవ్వలేదు, మేం అడగనూ లేదు. చనిపోయినవాళ్ళ పేర్లు వొక్కొక్కటీ మైకులో చదివేను. పేరుకీ పేరుకీ మధ్య ఆగేను. ఆ ఆగినప్పుడు హారన్లోంచి ఏమీ వినపడకూడదు. వినపడలేదు. సిన్నాన్న ఆంప్లిఫయరు పక్కన నేల మీద కూర్చుని నాబు మీద వేలు పెట్టుకుని వున్నాడు. వూరి రోడ్డు మీద ఆ సాయంత్రం కూడా సైకిళ్ళు ఆగేయి, మోటారు సైకిళ్ళు కూడా. ఎవరూ నవ్వలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను. స్తంభాలన్నీ పడ్డాయి. వూరికీ కరెంటు లేదు, పేటకీ లేదు, ఆ కొన్ని రోజులూ సమానత్వం. పంచాయితీ మైకు మూగబోయింది. సిన్నాన్న రెండు బ్యాటరీలు కట్టి మా డబ్బా మోగించేడు. బ్యాటరీలోది నిలకడ కరెంటు, దానికి దిబ్బలూ గోతులూ వుండవు, గుయ్యి అన్న మాటే లేదు. బియ్యం ఎక్కడిస్తారో, మంచినీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఆఫీసర్లు మా వేపచెట్టు దగ్గరికొచ్చి చెప్పేరు. వూరంతా పేట వైపు చెవి వొగ్గింది. మళ్ళీ మా గొంతే వూరికి కబురు. మా తాత వుంటే ఏమనేవాడో. వూరికి స్తంభాలు లేచి కరెంటొచ్చింది, మాకు ఆ తర్వాత పదకొండు రోజులకి. తీగలు మాత్రం కొత్తవి వేసేరు.

డి.ఎస్సీ.-2014లో సెలెక్టయి ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో చెప్తున్నాను. మా పిల్లలకి ఈ హమ్ గొడవ పురాణంలా వుంటుంది. ఇప్పటి సెట్లలో వుండేది ఎస్.ఎం.పి.ఎస్. అది కరెంటుని సెకనుకి వేల సార్లు కోస్తుంది, కుళాయి అన్ని సార్లు తెరుచుకుంటే చిన్న చెంబు చాలు. వాటిలో చాలావాటికి 100 వోల్టులొచ్చినా 240 వచ్చినా వొకటే. డీజే బాక్సులు మా పేటలోనూ మోగుతున్నాయి. గుయ్యి లేదు, గుండెలదిరే బేసు. ఆ బేసులో మనిషి మాట మాత్రం వినపడదు, ఇది నా ముసలి గోలనుకోండి.

ల్యాబు అని మా బడిలో వొక బీరువా వుంది. ఏటా తొమ్మిదో తరగతి పిల్లల చేత నాలుగు డయోడ్లు, వొక కండెన్సరు, వొక చిన్న స్పీకరు కట్టిస్తాను. ముందు కండెన్సరు లేకుండా వినిపిస్తాను, గుయ్యిమంటుంది. పిల్లలు నవ్వుతారు. నవ్వనిస్తాను. తర్వాత కండెన్సరు వాళ్ళ చేతే పెట్టిస్తాను. నాబు ఎవరు తిప్పాలన్నది చీటీ వేసి తీస్తాం.

ఆ బడిలో నాతో నవ్విన ముగ్గురిలో వొకడి కొడుకు ఇప్పుడు నా క్లాసులో వున్నాడు. ఆ నవ్వు గురించి సిన్నాన్నకి నేను ఇంతవరకూ చెప్పలేదు. ఈ పుస్తకం అచ్చయ్యేక వాళ్ళమ్మాయి చదివి వినిపిస్తుంది.

సిన్నాన్నకి అరవై దాటింది. మోకాళ్ళు పోయేయి, చెట్లెక్కడు. డబ్బా వుంది. మెయిన్ కండెన్సర్లు 2019లో నెత్తి ఉబ్బితే మార్చేం. నేను కొనిచ్చిన మల్టీమీటరు ఆయన మంచం పక్క గూట్లో వుంటుంది. పండగలకీ, సభలకీ ముందు ప్లగ్గులో పెట్టి చూసి, క్యాలెండరు వెనక పెన్సిలుతో రాస్తాడు. అంకెలు తప్ప ఏమీ వుండవు అందులో, తారీకు, గంట, వోల్టులు. మొన్న సంక్రాంతి రాత్రి ఏడున్నరకి 204. ఇంకో అర్జీ రాస్తున్నాను, ఆ క్యాలెండరు కాగితాలు జతచేసి.